జీపు ఖర్చు ఎక్కువైందట

కొండ ఊళ్ల ఆదివాసీ మహిళల ఆరోగ్యం కోసం డబ్బు అడుగుతూ మేం పంపిన ప్రపోజల్ వెనక్కి వచ్చింది. ఇవాళే మెయిల్ చూశాను, ఇంకా చేతులు వణుకుతున్నాయి. ఒక పెద్ద కంపెనీ సీఎస్ఆర్ వాళ్లు, అంటే కంపెనీ తరఫున సమాజ సేవకు డబ్బులిచ్చే విభాగం, పేరు రాయను. కారణం ఒక్క లైనే: ప్రయాణ ఖర్చు బడ్జెట్‌లో 10 శాతం దాటకూడదు, మీరు 30 దాకా వేశారు, సవరించి పంపండి.

ఏం సవరించాలి? పదకొండు ఊళ్లు, అల్లూరి జిల్లా పాడేరు పైన కొండల్లో. నాలుగు ఊళ్లకు జీపు సగం దారి వరకే వెళ్తుంది, అక్కడి నుంచి గెడ్డ, అంటే వాగు, దాటి నడవాలి, వానాకాలం అయితే గెడ్డ తగ్గేదాకా ఒడ్డున కూర్చోవాలి. నెలకు రెండుసార్లు ఒక నర్సునీ, రక్తపరీక్ష చేసే అమ్మాయినీ పైకి తీసుకెళ్లాలి. రక్తం ఎంతుందో చూడాలి, బీపీ చూడాలి, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉందేమో చూడాలి. తెల్లబట్ట, నెలసరి నొప్పి, గర్భసంచి జారడం, మగవాళ్ల ముందు ఎత్తని మాటలన్నీ ఆడవాళ్లు కూర్చుని నింపాదిగా చెప్పుకోవాలి. ఎవరికైనా తేడా కనిపిస్తే ఆవిడను కిందికి ఆసుపత్రికి తీసుకొచ్చి, చూపించి, మళ్లీ ఇంటి దగ్గర దింపాలి. మేం చేసే పనే అది. అందులోంచి జీపు తీసేస్తే ఇంక పని ఎక్కడుంది?

ఆగలేక ఫోన్ చేశాను. అవతలి ఆయన చాలా మర్యాదగానే మాట్లాడాడు. "మేడమ్, రోడ్డు పక్కన ఊళ్లు తీసుకోవచ్చు కదా, ఖర్చు తగ్గుతుంది, లబ్ధిదారుల సంఖ్య కూడా పెరుగుతుంది" అన్నాడు.

రోడ్డు పక్కన ఊళ్లు! ఈ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం కూడా తినబుద్ధి కావడం లేదు. ప్రతి ప్రోగ్రామూ రోడ్డు పక్కనే ఆగుతుంది. ఒకే ఊళ్లో అదే అక్కలకు మూడు సంస్థలు మూడుసార్లు రక్తం తీసి, మూడుసార్లు ఫోటో తీసుకుని వెళ్లడం నేనే చూశాను. పైఊళ్ల ఆడవాళ్లకు ఒక్కసారి కూడా సూది గుచ్చలేదు. ఎవరికి అవసరమో వాళ్ల దగ్గరికి వెళ్లడానికి ఖర్చవుతుంది, కాబట్టి ఖర్చు కానివాళ్లకే ఇద్దాం అంటే అది ఆదివాసీ మహిళల ఆరోగ్యం ఎలా అవుతుంది, చెప్పండి?

నేను రోజూ పోట్లాడే ప్రభుత్వం కూడా కొండకూ మైదానానికీ తేడా ఉందని ఒప్పుకుంది. మైదానంలో 30,000 మందికి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) అయితే కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికే ఒకటి ఉండాలి. దానికింద ఉండే చిన్న సబ్ సెంటరు అక్కడ 5,000 మందికి, ఇక్కడ 3,000 మందికి. అదీ చాలదు, ఎందుకంటే మా దగ్గర ఆ 3,000 మంది కొండకొకరుగా పది ఇళ్లు, పదిహేను ఇళ్ల ఊళ్లలో ఉంటారు, వాళ్లందరి దగ్గరికీ ఒక్క ఏఎన్ఎం, అంటే సబ్ సెంటరు నర్సు, నడిచి తిరగాలి. అయినా కనీసం కాగితం మీద తేడా ఒప్పుకున్నారు. కంపెనీల ఫారాల్లో మాత్రం విశాఖ బీచ్ రోడ్డుకూ మా కొండకూ ఒకటే 10 శాతం.

పోనీ, ప్యాడ్లు పంచుతాం అనండి, వెంటనే ఒప్పుకుంటారు. పోయినసారి ఒక దాత మా ఊళ్లకు పెట్టెల కొద్దీ పంపాడు. బాగానే వాడుకున్నారు, కాదనను. మూడు నెలలకు అయిపోయాయి. తర్వాత కొనడానికి దగ్గర్లో కొట్టు లేదు, వాడినవి పారేయడానికి చోటు లేదు, గెడ్డలో వేస్తే తాగే నీళ్లు అవే. ఒక పెద్దావిడ నన్ను అడిగింది, "అమ్మా, నాకు అది ఆగిపోయి పదేళ్లయింది, నడుం కిందికి లాగేస్తోంది, దానికేమైనా తెచ్చారా?" అని. ఏమీ తేలేదు. దానికి ఆవిడను కిందికి తీసుకెళ్లాలి. దానికి జీపు కావాలి.

ఆరోగ్య ప్రచారం పోస్టర్ల సంగతి కూడా చెప్పాలి. రంగుల పోస్టర్లు, అన్నీ తెలుగులో. మా పైఊళ్లలో పెద్దాళ్లు కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడతారు. వాళ్ల మాట తెలిసిన ఊరి అమ్మాయికి నెలకు కాస్త జీతం ఇస్తాం అని బడ్జెట్‌లో రాస్తే దానికీ ఎర్ర గీత కొడతారు. ప్రింటింగుకి మాత్రం ఎప్పుడూ డబ్బులుంటాయి.

2020కి ముందు మాలాంటి చిన్నవాళ్లకు ఇంకో దారి ఉండేది. విదేశీ విరాళాలు తెచ్చుకోగలిగిన పెద్ద సంస్థలు అందులోంచి కొంత మాకు ఇచ్చేవి, మేం కొండమీద ఖర్చుపెట్టి లెక్క చెప్పేవాళ్లం. ఆ ఏడాది విదేశీ విరాళాల మీద ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం మార్చి, ఒకరు తెచ్చుకున్నది ఇంకొకరికి ఇవ్వకూడదన్నారు. ఆఫీసు ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20కి దించారు. దొంగలెక్కలు ఆపడానికే అనుకుందాం. మరి మేం? విదేశీ లైసెన్సు తెచ్చుకునే స్తోమత లేని ఊరి సంఘాలు ఎక్కడికి పోవాలి? అందుకే కదా ఈ కంపెనీల గుమ్మాల ముందు నిలబడాల్సి వచ్చింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం ఇలాంటి పనులకు పెట్టాలి. అంటే అది వాళ్ల దయ కాదు, వాళ్ల బాధ్యత. అడగడానికి నేనెందుకు మొహమాటపడాలి?

అసలు నా కోపం ఇవాళ్టిది కాదు. మా పిన్ని కూతురి విషయంలో మొదలైంది. దానికి ఎనిమిదో నెల దాటగానే కిందికి తీసుకొచ్చి గర్భిణుల వసతి గృహంలో పెట్టారు. నెలలు నిండకముందే ఆసుపత్రి దగ్గరికి తెచ్చి ఉంచడం మంచి ఆలోచన, డోలీ మోత, అంటే కర్రకు గుడ్డ కట్టి అందులో మనిషిని మోసుకు రావడం, తప్పించే పని, నేనే దగ్గరుండి దింపి వచ్చాను. నాలుగో రోజు వెళ్లిపోయింది. అందరూ దాన్నే తిట్టారు, చెప్తే వినరు వీళ్లు అన్నారు. పైన ఇద్దరు పిల్లలున్నారు, కాఫీ పండ్లు కోసే రోజులు, మొగుడు ఒక్కడే. పిల్లల్ని కూడా ఉంచుకోవచ్చా అని అడిగితే కుదరదన్నారట. చివరికి నొప్పులొచ్చిన రాత్రి డోలీలోనే మోసుకొచ్చారు. బిడ్డ దక్కలేదు. మర్నాడు ఎవరో ఆ డోలీ ఫోటో పెట్టారు, ఎంతమంది షేర్ చేశారో! ఏడుపు బొమ్మలు పెట్టిన వాళ్లలో ఒక్కరు కూడా ఆ పిల్లలిద్దరినీ ఎవరు చూసుకున్నారని అడగలేదు.

అందుకే మా బడ్జెట్‌లో పిల్లల్ని చూసుకునే మనిషికి కూలీ రాశాను. తల్లి కోల్పోయే రోజు కూలీ కూడా రాశాను. దాన్నీ ప్రయాణ ఖర్చులో కలిపి 30 శాతం అంటున్నారు వాళ్లు.

సవరించను. రేపు అదే కాగితం, ఒక్క రూపాయి తగ్గించకుండా, ఇంకో మూడు చోట్లకు పంపుతున్నాను. శనివారం సంతకు పైనుంచి నలుగురు దిగుతున్నారు, అందులో ఆ పెద్దావిడ ఉంది, సంత అయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్తాను. సాయంత్రం వాళ్లను గెడ్డ దాకా దింపాలి. పాడేరులో జీపు ఉన్నవాళ్లు ఎవరైనా ఖాళీగా ఉంటే మెసేజ్ పెట్టండి, డీజిల్ నేను పోయిస్తాను.