వేలిముద్ర పడితే సరిపోదు

జన్యు పరిశోధన కోసం గిరిజనుల రక్తం తీసుకోవడం మీద ఒక వ్యాసం చదివాను. అందులో "సమ్మతి పత్రం మీద వేలిముద్ర ఉంటే చాలు" అన్న వ్యాసకర్త మాట దగ్గరే నాకు పేచీ. నెల్లూరు యానాది కాలనీల్లోనో, ప్రకాశం వైపు చెంచు గూడేల్లోనో రక్తం తీసేటప్పుడు, చదువు రాని మనిషికి పత్రం చదివి వినిపించాలి, బృందంతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. కులపెద్ద ఒప్పుకోవడం మంచిదే గానీ, అది మనిషి సొంత ఒప్పుదలకు బదులు కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఇదంతా ఉంది. అలాగని రేషన్ డీలర్‌ని సాక్షిగా నిలబెడితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

అసలు చిక్కు ట్యూబు ల్యాబుకు చేరాక. ఊదా మూత ట్యూబులో 5 మి.లీ. రక్తం చాలు, అందులోంచి తీసిన డీఎన్ఏ మైనస్ 80 డిగ్రీల్లో ఏళ్ల తరబడి నిలవుంటుంది. అమెరికాలో హవసుపాయి తెగవాళ్లు 1990 నుంచి మధుమేహం కోసమని రక్తమిస్తే, పరిశోధకులు దాన్ని స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు మీదా, వలసల చరిత్ర మీదా పరిశోధనకు వాడేశారు. 2010లో రాజీ కుదిరి 41 మందికి 7 లక్షల డాలర్లు దక్కాయి, మిగిలిన నమూనాలు తెగకు తిరిగొచ్చాయి. అందుకే దాచడానికి, మరో పరిశోధనకు, విదేశానికి పంపడానికి విడివిడిగా అడగాలి.

పేర్లు తీసేశాం అంటారు. ముప్పై గడపల గూడెంలో వయసూ ఊరూ రాశాక పేరుతో పనేముంది? డేటా అందరికీ తెరిచిన డేటాబేసులోకి ఎక్కాక "ఎప్పుడైనా తప్పుకోవచ్చు" అన్న వాక్యం ఉత్తదే. సికిల్ సెల్ లాంటి వంశపారంపర్య రక్త జబ్బు బయటపడితే ఆ ఇంటివాళ్లకే విడిగా చెప్పాలి. అంగన్‌వాడీ గుమ్మంలో పేర్లు చదివితే ఆ పిల్లకు సంబంధాలు రావు.