దశావతారాలకు డార్విన్ గారి అటెస్టేషన్

మన పురాణాల మీద ఇంగ్లండు దొర చేత సంతకం పెట్టించుకునే పని పంతొమ్మిదో శతాబ్దం నుంచీ నడుస్తోంది. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి గారు, డార్విన్ కన్నా దశావతారాలే మెరుగైన సిద్ధాంతమని సెలవిచ్చి, సంతకం పెట్టాల్సిన దొరనే పక్కకు తప్పించారు. అయినా దరఖాస్తులు ఇప్పటికీ దొర పేరు మీదే వస్తున్నాయి. చేపతో మొదలై మనిషి దాకా వచ్చింది కనుక ఇది పరిణామమేనని వాటిలో విన్నపం. భక్తులకు సాయపడదామని జత చేసిన పత్రాలన్నీ తిరగేశాం.

మత్స్యం దగ్గర పేచీ లేదు. వెన్నెముక ఉన్న జీవులు చేపలతోనే మొదలయ్యాయి. కూర్మం గడిలో మాత్రం అందరూ ‘ఉభయచరం’ అని రాస్తున్నారు. తాబేలు సరీసృపం. నీళ్ళలోంచి మొదట గట్టెక్కిన బాపతు కాదు, గట్టు మీది వంశంలో పుట్టి మళ్ళీ నీళ్ళలోకి దిగిన బాపతు. ఉభయచరమే కావాలంటే కప్పను రాయాలి. కప్ప వీపు మీద మందరగిరి ఆగదు. వరాహానిది సీనియారిటీ తగాదా: శిలాజాల్లో పందుల వంశం కన్నా కోతులూ మనమూ ఉన్న వంశమే పాతది.

అసలు చిక్కు నరసింహుడి దగ్గరుంది. మృగానికీ మనిషికీ మధ్య మెట్టు అని దరఖాస్తుదారుల వాదన. డీఎన్ఏ లెక్కన సింహానికి మనకన్నా పంది దగ్గర చుట్టం. మనకేమో సింహం కన్నా ఎలుక దగ్గర. అంటే సైన్సు ఒప్పుకోవాలంటే స్తంభంలోంచి మూషికం దూకాలి. హిరణ్యకశిపుడు హాయిగా బతికిపోయేవాడు. పైగా మనిషీ కాదు, మృగమూ కాదు. పగలూ కాదు, రాత్రీ కాదు. లోపలా కాదు, బయటా కాదు అన్న వరానికి విరుగుడుగా వచ్చిన రూపమది. దాన్ని మధ్యస్థ జీవిగా రాసుకున్నవాళ్ళు వరాన్నీ గడపనీ సంధ్యవేళనీ ఒక్క దెబ్బకు చెత్తబుట్టలో వేశారు. నాస్తికులకు కూడా ఇంత సాహసం లేదు. ఆ విశ్వవిద్యాలయం ఉన్న విశాఖలోనే, సింహాచలంలో వరాహమూ నరసింహమూ ఒకే మూర్తిలో ఉన్నాయి. రెండు మెట్లు ఒకచోట ఎలా కుదిరాయని కొండెక్కిన ఏ భక్తుడూ అడగలేదు. చందనం అడుగుతాడు, శిలాజం అడగడు.

వామనుడికి కొంత ఆశ ఉంది. 2003లో ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో మూడున్నర అడుగుల మానవజాతి ఎముకలు దొరికాయి. కానీ వటువు చూస్తూండగానే బ్రహ్మాండమంతా నిండిపోయాడు. ఒక ప్రాణి తన ఆయుష్షులో పెరిగితే అది ఎదుగుదల. పరిణామం తరాల మీద, మొత్తం గుంపులో జరగాలి. ముందు మెట్టు పరశురాముడు తర్వాతి మెట్టు రాముడికి ఎదురుపడటం తప్పేమీ కాదు, నియాండర్తల్ మనుషులు మన పూర్వీకులతో ఒకే కాలంలో బతికారు. బలరామకృష్ణులు మాత్రం ఒకే తండ్రి బిడ్డలు. అన్నకూ తమ్ముడికీ మధ్య జాతి మారిందంటే వసుదేవుడు ఒప్పుకోడు.

డార్విన్‌ను ఏ జంతువు పేరు చెప్పి తిడతామో ఆ కోతి పది అవతారాల్లో ఎక్కడా లేదు. మంగళవారం మంగళవారం కొబ్బరికాయ కొట్టేది మాత్రం దానికే. భాగవతం ప్రథమ స్కంధంలోని జాబితా తీస్తే ఇంకా ఇబ్బంది: మొదట సనకాది కుమారులు, రెండు వరాహం, పదో చోట మత్స్యం. మనిషి ముందు, చేప వెనక. ఆ పేజీని దరఖాస్తుకు జత చేయకపోవడమే క్షేమం.

జీవజాతుల లెక్క పురాణాలు ముందే చెప్పాయనే 84 లక్షల యోనుల వాళ్ళ ఫైలు చూడ్డానికి ముచ్చటగా ఉంది. బాక్టీరియాను వదిలేసి, భూమ్మీద 87 లక్షల జాతులు, అటూఇటూగా 13 లక్షల తేడాతో, ఉంటాయని 2011లో శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. మొత్తం సరిపోయింది! పద్దులు విప్పకూడదు. పద్మపురాణానిదిగా చెప్పే శ్లోకంలో పక్షులు 10 లక్షలు. ఉన్నవి 11 వేల చిల్లర. మనుషులు 4 లక్షల రకాలు. సైన్సుకు దొరికింది ఒక్కటే జాతి, మన పెళ్ళి సంబంధాల ప్రకటనలు చూస్తే శ్లోకమే నిజమనిపిస్తుంది.

2023లో బడి పుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వారు ఈ గొడవంతా లేకుండా పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం పాఠాన్నే ఎత్తేశారు. అది 12వ తరగతిలో జీవశాస్త్రం తీసుకున్నవాళ్ళకే మిగిలింది. ఇంజినీరు కాబోయే పిల్లవాడికి ఇక సమన్వయం చేయాల్సిన బాధ లేదు, రెండో పక్షం వాడికి తెలిస్తేగా.

పెండింగులో ఉన్నది కల్కి ఒక్కడే. శిలాజాల్లో వరసగా దొరికిన జంతువుల్లో గుర్రం పెట్టింది పేరు. 5.5 కోట్ల ఏళ్ళ కిందట అది కుక్కంత ఉండేది, ముందుకాళ్ళకు నాలుగేసి, వెనక్కాళ్ళకు మూడేసి వేళ్ళు. అవి తగ్గుతూ తగ్గుతూ ఒక్క డెక్కగా మిగిలిన తీరంతా మ్యూజియంలలో ఉంది. దరఖాస్తు మొత్తంలో ఆధారాలు ఇంత గట్టిగా ఉన్న జీవి ఇదొక్కటే. దురదృష్టవశాత్తూ అది అవతారం కాదు, వాహనం. పైగా ఇంకా బయలుదేరలేదు.