రోబో సంగతి సరే, ఫలితాల లెక్క ఏదీ?

‘రోబోతో మోకాలి మార్పిడి, మర్నాడే నడక’ అన్న ప్రకటన చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. రోబో లేకపోయినా చాలామందిని మర్నాటికల్లా లేపి నడిపిస్తూనే ఉన్నారు. ఇందులో యంత్రం గొప్పేమిటి?

ఎముకను అనుకున్న కోణంలో కోయడానికి రోబో సాయపడుతుంది, నిజమే. రోగికి కావలసింది కోణం కాదు, నొప్పి లేని నడక. దక్షిణ కొరియాలో 2002–2008 మధ్య ఒకే సర్జన్ కొందరికి రోబోతో, కొందరికి మామూలుగా కీళ్లు మార్చారు. సగటున 13 ఏళ్లు గమనించి 2020లో ఫలితాలు ప్రచురించారు. పనితీరులో, నొప్పిలో, కీలు మన్నికలో రెండింటికీ తేడా కనిపించలేదు. అది పాత రోబో అంటారు. సరే, కొత్తది అన్నేళ్ల తరవాత కూడా మేలని తేల్చి చూపించాక అదనపు డబ్బు అడగండి!

ఆపరేషన్ మంచిదే. పూర్తిగా మార్చిన మోకాళ్లలో సుమారు 82 శాతం పాతికేళ్లు మన్నుతాయని 2019లో లెక్క కట్టారు. ఆ లెక్క ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ జాతీయ రిజిస్ట్రీల నుంచి వచ్చింది. ఎవరికి ఏ కీలు వేశారో, ఎప్పుడు మళ్లీ తెరవాల్సి వచ్చిందో రాసిపెట్టే పని స్వీడన్ 1975లోనే మొదలుపెట్టింది. మన దగ్గర సర్జన్ల సంఘం నడిపే రిజిస్ట్రీ ఉంది కానీ, వివరాలు ఇవ్వడం ఇష్టమైనవాళ్ల ఇష్టం. మా పెద్దమ్మను చూపించడానికి వెళ్లినప్పుడు, ‘మీరు చేసినవాటిలో ఐదేళ్లలోపు మళ్లీ తెరిచినవి ఎన్ని?’ అని అడిగితే, ఆ డాక్టరుగారు రోబో వీడియో చూపించారు.

2017 ఆగస్టులో కేంద్రం ఇంప్లాంటు, అంటే మోకాల్లో అమర్చే కృత్రిమ కీలు, ధరకు కళ్లెం వేసింది. అంతకుముందు సగటున లక్షా 58 వేలున్న కోబాల్ట్ క్రోమియం రకం, పన్ను కాక 54,720 రూపాయలకు దిగింది. ఆసుపత్రి మొత్తం ఆపరేషన్‌కు తీసుకునే ప్యాకేజీ అంతగా దిగిందా? బిల్లు చూసినవాళ్లు చెప్పండి.

అసలు కోపం వేరే. ఒక్క ఎక్స్‌రే చూసి ‘గుజ్జు అరిగిపోయింది, మార్చాల్సిందే’ అనేస్తారు. డెన్మార్క్‌లో వందమందిపై జరిగి 2015లో వెలువడిన పరీక్షలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకే ఎక్కువ ఉపశమనం దొరికింది, తీవ్రమైన ఇబ్బందులూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. వ్యాయామం, బరువు తగ్గడం, మందులతో సరిపెట్టిన వాళ్లలో దాదాపు ముప్పావు వంతు మంది ఏడాదిలోపు ఆపరేషన్ దాకా పోలేదు. ఈ మాట రోగికి చెప్పాలా వద్దా? ఆపరేషన్ తరవాత కూడా సుమారు ఐదుగురిలో ఒకరు తృప్తిగా లేరని ఎన్నో సర్వేలు చెప్పాయి. అది సంతకం పెట్టించుకునే ముందే చెప్పాలి, ఆరు నెలల తరవాత ‘కొందరికి అంతేనమ్మా’ అని కాదు.