పిలుపు పేరు ఎవరి నోట?

అంబర్‌పేటలో మా గల్లీ మొదట్లో ఆమధ్య ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. నలభై ఏళ్లు అక్కడే బట్టలు ఇస్త్రీ చేసిన పెద్దాయన ఎప్పుడో వయసులో దిగిన ఫొటో, దాని కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు వేశారు. ఆ పేరు గల మనిషి మన గల్లీలో ఎవరా అని చదివినవారంతా ఆలోచనలో పడ్డారు. ఎందుకంటే ఆయన మాకందరికీ 'పాలమూరు తాత'. మర్నాడు కొడుకులు దాన్ని విప్పేసి, పేరు పక్కన 'ఉరఫ్ పాలమూరు తాత' అని చేర్చిన కొత్త ఫ్లెక్సీ కట్టారు.

ఉర్దూ నుంచి మన దస్తావేజుల్లోకి వచ్చిన 'ఉరఫ్' అన్న మాటకు వాడుకలో నలుగురూ ఎరిగినది అని అర్థం. అసలు పేరును తల్లిదండ్రులు ఆలోచించి పెడతారు, పిలుపు పేరు మాత్రం కలిసి బతికిన నలుగురి మధ్య దానంతటదే పుడుతుంది. కనుక దాని అర్థాన్ని నిఘంటువులో వెతికి లాభం లేదని, ఎవరు, ఎక్కడ, ఏ గొంతుతో పిలుస్తున్నారన్న దానిలోనే అది ఉందని నా అభిప్రాయం.

గోల్కొండ చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1672లో గద్దెనెక్కిన అబుల్ హసన్ కుతుబ్‌షాను మనమెవరమూ ఆ పేరుతో తలచుకోము, ఆయన మనకు తానీషా. సూఫీ గురువు షా రాజు తన శిష్యుణ్ని ముద్దుగా పిలిచిన పేరే అలా నిలిచిపోయిందని చెబుతారు. ఆయన చెరలో మగ్గిన కంచర్ల గోపన్నను లోకం రామదాసుగానే ఎరుగును గనుక, ఆ కథలో ఇద్దరి అసలు పేర్లూ మరుగున పడ్డాయి. తెలుగువారి చెవికి తానీషా అంటే రాముడి దర్శనం పొందిన పుణ్యాత్ముడు. హిందీ, ఉర్దూల్లో 'తానాషా' అంటే నిరంకుశుడు. 1687లో కోట ఔరంగజేబు వశమయ్యాక దౌలతాబాద్‌లో బందీగానే కన్నుమూసిన రాజుకు, గురువు పెట్టిన ముద్దుపేరు ఇలా తిట్టుగా మిగలడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

దీనికి ఎదురుగా, వినడానికి తిట్టులా ఉన్నా ప్రేమతో పెట్టిన పేర్లు మన పల్లెల్లో ఉన్నాయి. వరుసగా బిడ్డలు దక్కని తల్లి, తర్వాత పుట్టిన పసికందును పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి, మరొకరి చేత ఎత్తించి తెచ్చుకుని, పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టుకునేది. ఎంగిలి విస్తళ్ల మీద దొర్లిస్తే పుల్లయ్య. ఎవరికీ అక్కరలేని బిడ్డ అనుకుని మృత్యువు కూడా తిరిగి చూడకుండా పోవాలన్నది ఆ తల్లి ఆశ.

నాతో ఇంటర్మీడియట్ చదివిన మిత్రుడొకడిది ఆ పెంటయ్య పేరే. హాజరు పిలిచేటప్పుడు లెక్చరర్ అక్కడ కాస్త ఆగి నవ్వేవారు. ఆయనే నవ్వగా లేనిది మనకేమన్న ధైర్యం తరగతికంతా వచ్చి, వారం తిరక్కుండా వాడు 'చెత్తకుండీ' అయ్యాడు. రంగునో, లావునో, ఊరినో, కులాన్నో పట్టుకుని తగిలించే పేర్లను సరదాగా కొట్టిపారేసేవారు ఒకటి గమనించాలి. తోటి విద్యార్థి పెట్టిన పేరుకు బదులు పేరు పెట్టవచ్చు గానీ, పాఠం చెప్పేవారి నోట వచ్చిన దానికి పిల్లవాడి దగ్గర జవాబు ఉండదు. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. అయితే హాజరు పట్టీ దగ్గర నవ్విన ఆ నవ్వును ఏ చట్టం పట్టుకుంటుంది? వద్దన్న పేరుతో పిలవకపోవడమనే కనీస మర్యాద తరగతి గదిలో ఉపాధ్యాయుడితోనే మొదలు కావాలి.

డిగ్రీ అయ్యాక ఆ మిత్రుడు గెజిట్‌లో పేరు మార్చుకున్నాడు, కొత్త పేరుతోనే పిలవమని నాకు పదేపదే చెప్పాడు. ఆ ఏడు దసరాకు అతనితో కలిసి వాళ్ల ఊరు వెళ్లాను. మేము బావి గట్టున కూర్చుని ఉండగా, వాళ్ల నాయనమ్మ వాకిట్లోంచి "పెంటిగా, బువ్వ తిందువు రా బిడ్డా" అని కేకేసింది. అతను చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తాడు.