ఫ్రాన్స్వాజ్ బూర్ అనే అనువాదకురాలు ఎప్పుడూ లేదు

రష్యాలో పుట్టి ఫ్రెంచిలో రాసే నవలాకారుడు ఆంద్రేయ్ మాకీన్ పేరెత్తితే చాలు, "పరాయి భాషలో రాసి గోంకూర్ (ఫ్రాన్స్‌లో పేరున్న సాహిత్య బహుమతి) కొట్టాడు, పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమే" అని మొదలుపెడతారు మనవాళ్లు. ఆ స్ఫూర్తి కబుర్లు కాసేపు కట్టిపెట్టి, అతని మొదటి నవలతో పాటు అచ్చయిన ఒక్క లైను చూడండి. "రష్యన్ నుంచి అనువాదం: ఫ్రాన్స్వాజ్ బూర్." ఆ మనిషి లేదు. రష్యన్ మూలమూ లేదు.

మాకీన్ 1957లో సైబీరియాలోని క్రాస్నొయార్స్క్‌లో పుట్టాడు. 1987లో పారిస్ వచ్చి ఆశ్రయం కోరాడు. నవల నేరుగా ఫ్రెంచిలోనే రాశాడు, పంపినచోటల్లా తిరిగొచ్చింది. నిన్నగాక మొన్న దిగిన రష్యావాడికి ఇంత ఫ్రెంచ్ ఎక్కడిదని నమ్మలేదు ప్రచురణకర్తలు. సరే అని అదే రాతప్రతికి "అనువాదం" అని తగిలించాడు, లేని అనువాదకురాలికి ఓ పేరు పెట్టాడు. 1990లో రోబేర్ లఫోన్ వాళ్లు అచ్చేశారు. తర్వాతి నవలకి రష్యన్ మూలం చూపించమని అడిగితే, చేసేదిలేక తన ఫ్రెంచిని తనే రష్యన్‌లోకి తిప్పుకున్నాడు! 1992లో బెల్ఫోన్ వేసిన ఆ పుస్తకానికి అనువాదకుడు ఆల్బేర్ లెమొన్యే. ఈయనా ఉత్తుత్తి మనిషే.

"ఏమో, ఫ్రెంచ్ నిజంగానే బాగాలేదేమో" అంటారా? రష్యన్ మాతృభాషగా ఉన్నవాడు ఫ్రెంచిలో ఎక్కడ జారతాడో తెలిసిందే. రష్యన్‌లో ఆర్టికల్ అనేదే లేదు, ఫ్రెంచిలో దాదాపు ప్రతి నామవాచకం ముందూ ఒకటి ఉండాలి, ఏది పెట్టాలన్నది ప్రతిసారీ ఓ నిర్ణయం. కథ చెప్పేటప్పుడు భూతకాలం రెండు పాయలుగా నడుస్తుంది, నేపథ్యానికి ఒకటి, జరిగిన సంఘటనకి ఒకటి. తప్పులు దొర్లేది సాధారణంగా ఈ రెండు చోట్లే, వాటిని పట్టడానికి ప్రతి ప్రచురణ సంస్థలోనూ ప్రూఫ్ దిద్దేవాళ్లుంటారు. పైగా ఇతను పారిస్‌లోని సోర్బోన్ విశ్వవిద్యాలయంలో రష్యన్ రచయిత బూనిన్ మీద డాక్టరేటుకు సిద్ధాంతవ్యాసం రాసినవాడు. అన్నిటికీ మించి, తిరిగొచ్చిన రాతే అచ్చయింది కదా. మధ్యలో మారింది వాక్యం కాదు, ఎవరు రాశారన్న నమ్మకం.

మనకి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. రష్యన్ పుస్తకాలు తెలుగులో చదివిన తరానికి మాస్కోలో కూర్చుని వాటిని తెచ్చిన ఉప్పల లక్ష్మణరావు, రారా (రాచమల్లు రామచంద్రారెడ్డి) నిజం మనుషులు, వాళ్ల శ్రమకి పేరు దక్కాలని గొడవపడ్డాం. అక్కడేమో లేని అనువాదకురాలికి పేరు దక్కింది, ఉన్న రచయిత తన ఫ్రెంచిని తనది అని చెప్పుకోలేకపోయాడు.

1995లో మెర్క్యూర్ ద ఫ్రాన్స్ వేసిన "ల తెస్తమాన్ ఫ్రాన్సే"తో కథ మారింది. ఆ నవల కథకుడూ ఇదే దొంగాట ఆడతాడు. అమ్మమ్మ పాత్ర పేరు షార్లొత్ లెమొన్యే. అవును, ఆ ఉత్తుత్తి అనువాదకుడి ఇంటిపేరే. దానికి గోంకూర్, మెడిసిస్ అనే మరో ఫ్రెంచ్ సాహిత్య బహుమతి, రెండూ వచ్చాయి. అంతకుముందు ఏ పుస్తకానికీ రెండూ కలిపి రాలేదు. ఆ ఏడు మెడిసిస్ పంచుకున్న వసీలిస్ అలెక్సాకిస్ కూడా గ్రీసు నుంచి వచ్చి ఫ్రెంచిలో రాసినవాడే. గోంకూర్ చెక్కు అప్పట్లో 50 ఫ్రాంకులు, అసలు డబ్బంతా ఆ పేరు తెచ్చే అమ్మకాల్లో ఉంటుంది. అతనికి ఫ్రెంచ్ పౌరసత్వం కూడా బహుమతి వచ్చాకే దక్కింది. వరస గమనించండి: ముందు పతకం, తర్వాత కాగితం. పతకం రానివాళ్ల సంగతేంటని ఈ స్ఫూర్తి పోస్టుల్లో ఒక్కరూ అడగరు.

2016 మార్చి 3న, ఫ్రెంచ్ భాషకి పెద్దదిక్కుగా ఉండే ఫ్రెంచ్ అకాడమీకి మాకీన్ ఎన్నికయ్యాడు. అల్జీరియాలో పుట్టి ఫ్రెంచిలో రాసిన అసియా జెబార్ పోయాక ఖాళీ అయిన కుర్చీ అది.

ఇంకోటి. అంత పేరొచ్చాక కూడా 2001 నుంచి గుట్టుగా గాబ్రియెల్ ఓస్మోంద్ అనే పేరుతో నవలలు వేశాడు. నాలుగు వచ్చాక 2011లో గానీ ఆ రాసేది ఇతనేనని బయటపడలేదు. ఆ నాలుగింటికీ అనువాదకుడి అవసరం పడలేదు.