కాపురాలు మారినా కేసులు మారలేదు

అర్ధరాత్రి బస్తీని చుట్టుముట్టడం, ఇల్లిల్లూ సోదా చేయడం, పత్రాలు లేని బైకులను వరుసగా నిలబెట్టి ఫొటోలు తీయించడం హైదరాబాద్‌ కొన్నేళ్లుగా చూస్తున్నదే. కార్డన్‌ సెర్చ్‌ పేరిట సాగే ఈ తంతు వెనుక ఒక వాదన ఉంది. ఇక్కడ నేరాలు ఎక్కువ, కాబట్టి ఇక్కడివాళ్లందరినీ జల్లెడ పట్టాలి. మొదటి మాట నిజమే అనుకున్నా, రెండోది దాన్నుంచి ఎలా వస్తుంది?

అది రాదని చికాగోలో ఇద్దరు పరిశోధకులు ఎప్పుడో చూపించారు. క్లిఫర్డ్‌ షా, హెన్రీ మెకే బాలల కోర్టుకు వచ్చిన వేల కేసులు తీసుకుని, ఒక్కో పిల్లవాడి ఇంటినీ నగర పటం మీద గుర్తించారు. 1900-06 కేసులతో ఒక పటం, 1917-23 కేసులతో మరొకటి, 1927-33 కేసులతో ఇంకొకటి. మూడింటిలోనూ నగర కేంద్రాన్ని, ఫ్యాక్టరీలను, కబేళాలను ఆనుకున్న పేటల్లోనే చుక్కలు దట్టంగా పడ్డాయి. అక్కడి జనం మాత్రం ఈలోగా మారిపోయారు. జర్మన్లు, ఐరిష్‌ వాళ్లు ఖాళీ చేస్తే ఇటలీ, పోలండ్‌ వలస కుటుంబాలు దిగాయి, తర్వాత నల్లజాతివారు వచ్చారు. మెరుగైన పేటలకు వెళ్లినవారి పిల్లల మీద కేసులు తగ్గాయి. పాత పేటల్లో కొత్తగా దిగినవారి పిల్లలు కోర్టు మెట్లెక్కారు. నేరం ఫలానా జాతి నెత్తుటిలోనే ఉందని చదువుకున్నవాళ్లు సైతం నమ్ముతున్న కాలంలో ఇది చిన్న మాట కాదు.

ఆ నమ్మకం మనకూ కొత్త కాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం పుట్టుకనే నేరంగా రాసింది. ఎరుకలవారిని కట్టడిలో ఉంచడానికి బాపట్ల దగ్గర వెలసిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. చట్టం 1952లో రద్దయింది, ఊరి మీద ముద్ర పోలేదు.

షా, మెకేల పటంలో ఒక లోపం ఉంది. అది కోర్టుకు చేరిన కేసుల పటం. పోలీసులు ఎక్కడ ఎక్కువ తిరిగితే అక్కడ ఎక్కువ చుక్కలు పడతాయి. సంపన్నుల కాలనీలను కూడా అర్ధరాత్రి చుట్టుముడితే ఏమేం దొరుకుతాయో మనకు తెలియదు, ఎవరూ చుట్టుముట్టరు కాబట్టి.

చోటుకూ నేరానికీ ఉన్న లంకెను పోలీసులు తమకు అనువుగా మలచుకోవడం అమెరికాలోనూ జరిగింది. పగిలిన కిటికీని అలాగే వదిలేస్తే పెద్ద నేరాలకు దారి తీస్తుందని 1982లో జేమ్స్‌ విల్సన్‌, జార్జ్‌ కెల్లింగ్‌ అనే పరిశోధకులు రాశారు. న్యూయార్క్‌ పోలీసులు కిటికీలను వదిలి మనుషుల వెంట పడ్డారు. ఒక్క 2011లోనే ఆరు లక్షల ఎనభై వేలకు పైగా సార్లు జనాన్ని వీధిలో ఆపారు. ఎక్కువగా బలైంది నల్లజాతి యువకులు, లాటిన్‌ అమెరికా మూలాలున్న లాటినో యువకులు. ఆపినవారిలో పదికి దాదాపు తొమ్మిది మంది మీద ఏ కేసూ లేదు. ఆ తీరు రాజ్యాంగ విరుద్ధమని 2013లో ఫెడరల్‌ కోర్టు తేల్చింది.

ఫిలడెల్ఫియాలో మనుషుల జోలికి పోకుండా చోటునే బాగుచేసి చూశారు. 541 ఖాళీ స్థలాలను లాటరీ పద్ధతిలో విడదీసి, కొన్నింటిలో చెత్త ఎత్తి, గడ్డి వేసి, నాలుగు మొక్కలు నాటి, పొట్టి కంచె కట్టారు. కొన్నింటిలో చెత్త ఎత్తి, పెరిగిన గడ్డి కోయడం వరకే చేశారు, మిగిలినవి అలాగే వదిలేశారు. బాగుచేసిన స్థలాల చుట్టూ, నిరుపేద పేటల్లో, తుపాకీ హింస 29 శాతం తగ్గిందని 2018లో ప్రకటించారు. ఎవరి ఇంట్లోనూ సోదా జరగలేదు.

కార్డన్‌ సెర్చ్‌ను సమర్థించే అధికారులు బైకుల సంఖ్య కాకుండా, ఈ సోదాల్లో దొరికిన ఆధారాలతో కోర్టులో ఎన్ని నేరాలు రుజువయ్యాయో ఏటా బస్తీలవారీగా ప్రకటించాలి. వెలగని వీధి దీపాలు, చెత్త నిండిన ఖాళీ స్థలాలు, పాడుబడ్డ ఇళ్ల జాబితాను మునిసిపల్‌ అధికారులు దాని పక్కనే పెట్టాలి. ఆ రెండు జాబితాలు వచ్చేదాకా అర్ధరాత్రి సోదాలు ఆపాలి.