పై మెరుగులు చూసి పైపుకు మార్కులు వేస్తే

కొత్తగా కొన్న పాత బ్రయర్ పైపు (బ్రయర్ అనే గట్టి కట్టెతో చేసిన పొగాకు పైపు) బాగుందో లేదో తేల్చుకోవడానికంటూ ఒక చిట్కాల జాబితా తెగ తిరుగుతోంది. అద్దంలా మెరిస్తే బాగా చూసుకున్న పైపట. పొగాకు నింపే గిన్నె లోపల నల్లగా ఉంటే కాలిపోయిందట. నోట్లో పెట్టుకునే గొట్టం పచ్చబడితే బూజు పట్టినట్టట. గొట్టానికీ, గిన్నె నుంచి వచ్చే కాడకీ మధ్య సందుంటే నకిలీదట. నాలుగింటిలో ఒక్కటీ నిలవదు.

నలుపు సంగతి ముందు. పొగాకు కాలే గిన్నెలో నలుపు కాక తెలుపుంటుందా? గోడలకు పట్టే ఆ బొగ్గు పొరను పైపు తాగేవాళ్లు కోరి పెంచుకుంటారు, వేడి నేరుగా కట్టెకు తగలకుండా అడ్డుకుంటుందని. మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర మందం చాలు. మరీ పేరుకుపోతే వేడికి ఉబ్బి గిన్నెనే చీల్చగలదు, కాబట్టి గీకాలి. కొన్ని సరికొత్త పైపుల్లో తయారీదారులే లోపల నల్లపూత వేస్తారు. మరి అవీ కాలిపోయినవేనా?

నిజంగా మాడిన చోటును పట్టిచ్చేది రంగు కాదు, మెత్తదనం. పొర గీకాక సన్నటి మొనతో గోడంతా తడిమి చూడండి, ముఖ్యంగా అడుగున పొగ రంధ్రం చుట్టూ. మంచి కట్టె మొనను ఆపుతుంది. మాడిన చోట మొన దిగి పొడి రాలుతుంది. సరిగ్గా అక్కడే బయటివైపు కూడా నల్లమచ్చ ఉంటే అనుమానం బలపడినట్టే.

పచ్చదనం బూజు కాదు. చాలా పాత గొట్టాలు ఎబొనైట్‌తో చేసినవి. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. వెలుతురూ తడీ తగిలితే పైపొర ఆక్సీకరణం చెంది పచ్చగోధుమ రంగుకు తిరుగుతుంది, నోటికి చేదుగా తగులుతుంది. నీళ్లతో తడిపిన సన్నటి గరుకు కాగితంతో రుద్ది పాలిష్ పడితే పోతుంది. భయపడాల్సింది పళ్లు నొక్కి చిల్లు పడ్డ గొట్టానికి.

సందుకు చాలాసార్లు కారణం కాడ లోపల పేరుకున్న మడ్డి. ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే గొట్టం మళ్లీ పూర్తిగా కూర్చుంటుంది. ఇక డబ్లిన్ పీటర్సన్ కంపెనీ కాడ చివర లోహపు తొడుగు వేసి చేసే పైపుల్లో కొన్నిటికి గొట్టాన్ని మేకులా సాగదీసి చెక్కుతారు. అది తొడుగుకు ఆనకుండా మధ్యలోనే బిగుసుకుంటుంది. దాని తీరే అంత.

అన్నిటికన్నా ప్రమాదం మెరుపును నమ్మడం. పైన పటారం, లోన లొటారం అన్నట్టు మైనం సన్నటి చీలికల్ని కప్పేస్తుంది, రంగు పుట్టీ గుంటల్ని దాచేస్తుంది. యంత్రం మీద అతిగా మెరుగుపెడితే అంచులు గుండ్రబడతాయి, కాడ మీది తయారీదారు ముద్ర అరిగిపోతుంది. డన్‌హిల్ కంపెనీ పైపుల్లో ఇంగ్లండ్ అన్న అక్షరాల చివర ఉండే చిన్న అంకె తయారైన ఏడాదిని చెబుతుంది. అది చెరిగితే వయసు లెక్కకు ఆధారమే పోతుంది. అందుకే కట్టె తళతళలాడుతూ ముద్ర మసకబారి కనిపిస్తే, గొట్టం దూరే కాడ చివర పగులుందేమో భూతద్దం కింద తిప్పి చూడండి. అక్కడ వెండి పట్టీ ఉంటే అది మొదటి నుంచీ ఉన్నదో, పగులు మీద తర్వాత తొడిగిందో అమ్మినవాళ్లనే అడగండి.